నోట్లో ఎప్పుడూ తడే కదా, మరి పళ్ళ సిమెంట్ ఎలా నిలుస్తుంది?

రాజోలు77 · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కింది దవడలో ఒక నమిలే పన్నుకి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకున్నాను. ఏడాది కూడా కాలేదు. నిన్న తీర్థంలో జీళ్ళు కొనుక్కుని నోట్లో వేసుకుంటే, జీడితో పాటు క్యాప్ కూడా ఊడి వచ్చేసింది. క్యాప్ లోపలి సిమెంట్ తెల్లగా సుద్దలా ఉంది. గోరుతో గీకితే పొడి రాలుతోంది. వేసిన క్లినిక్‌కి ఫోన్ చేస్తే "అతికించేటప్పుడు తడి తగిలి ఉంటుంది, రండి మళ్ళీ పెడదాం" అన్నారు.

నోట్లో తడి లేనిదెప్పుడు? నీళ్ళు తగిలితే పాడయ్యే సరుకుని, ఉమ్మి తప్ప మరోటి లేని చోట ఎందుకు వాడతారు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

వీధరుగు · రాత్రి 9:20

తప్పు జీళ్ళది. వాటికి క్యాప్ ఏం లెక్క, పన్నే ఊడొస్తుంది. ఈలోపు కాస్త ఫెవిక్విక్ పెట్టి నొక్కండి, మంగళవారం దాకా ఆగుతుంది 😀

మోలార్_మాస్టారు · రాత్రి 9:47

వీధరుగు గారూ, మీరు సరదాకే అన్నారు గానీ ఇది చదివి నిజంగా చేసేవాళ్ళు ఉంటారు. అలాంటి గమ్ములు తేమ తగిలితేనే గట్టిపడతాయి. నోట్లో తేమకి కొదవ లేదు కాబట్టి క్యాప్ సరిగ్గా కూర్చునేలోపే బిగుసుకుపోతుంది. వంకరగా అతుక్కున్న క్యాప్‌ని తీయాలంటే కోసి పారేయడమే. గట్టిపడేటప్పుడు వేడి కూడా పుడుతుంది, చిగురు కాలుతుంది.

రాజోలు గారూ, క్యాప్ కడిగి చిన్న డబ్బాలో దాచుకోండి. ఊడిందాన్ని పన్ను మీద ఊరికే కూర్చోబెట్టుకుని నిద్రపోవద్దు. మింగితే ఫర్వాలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతే పెద్ద గొడవ. రెండు మూడు రోజుల్లో వెళ్ళి చూపించుకోండి. ఆలస్యమైతే పక్క పళ్ళు కొంచెం జరుగుతాయి, అప్పుడు అదే క్యాప్ మళ్ళీ పట్టదు.

మీ అసలు ప్రశ్నకి నా సమాధానం: తడి ఎంత తగిలింది అనేదాని కన్నా ఎప్పుడు తగిలింది అనేదే ముఖ్యం. మొదటి పది నిమిషాల్లో తగిలిన ఉమ్మి వేరు, మర్నాటి నుంచి తగిలే ఉమ్మి వేరు. మిగతాది రసాయనం తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

వాడుక_రసాయనం · రాత్రి 10:31

పిలిచారు కాబట్టి వచ్చాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మన ఊళ్ళలో క్యాప్‌లు అతికించడానికి బాగా వాడేది గ్లాస్ అయనోమర్, డాక్టర్లు జీఐసీ అంటారు. అందులో పొడి అంటే నిజంగా గాజే. సిలికా, అల్యూమినా, కాల్షియం ఫ్లోరైడ్ వగైరా కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తగా నూరిన గాజు. ద్రవం పాలీ యాక్రిలిక్ ఆమ్లం, అది దాదాపు సగం నీళ్ళే. పసిపిల్లల డైపర్లలో నీళ్ళు పీల్చే గింజలుంటాయే, అవి కూడా ఈ ఆమ్లం కుటుంబానివే. నీళ్ళంటే దానికి ఎంత ఇష్టమో దాన్ని బట్టే తెలుస్తుంది.

రెండూ కలపగానే ఆమ్లం గాజు రేణువుల పైపొరని తింటుంది. అందులోంచి కాల్షియం, అల్యూమినియం అయాన్లు బయటికి వచ్చి ఆమ్లపు పొడవాటి గొలుసులని ఒకదానికొకటి ముడివేస్తాయి. కాల్షియం ముడులు కొన్ని నిమిషాల్లో పడతాయి, మనకి గట్టిపడినట్టు కనిపించేది అప్పుడే. అల్యూమినియం ముడులు నెమ్మదిగా, ఒక రోజు పాటు, ఆ తర్వాత కూడా పడుతూనే ఉంటాయి. అసలు బలం వాటిదే.

ఇప్పుడు ఆ మొదటి నిమిషాల్లో ఉమ్మి చేరిందనుకోండి. అయాన్లు ఇంకా ముడిపడలేదు, నీళ్ళలో తేలుతున్నాయి. బయటి నీళ్ళు వాటిని కడుక్కుపోతాయి. గొలుసులు మిగులుతాయి, ముడులు ఉండవు. పైన తెల్లటి సుద్ద పొర ఏర్పడుతుంది. రాజోలు గారు గోరుతో గీకింది అదే అయ్యుండొచ్చు.

అలాగని ఆరబెట్టినా కుదరదు. గట్టిపడిన జీఐసీ బరువులో 11 నుంచి 24 శాతం దాకా నీళ్ళే ఉంటాయి. అందులో కొంత నీరు ఊరికే తిరిగే నీరు, కొంత గొలుసులకి, అయాన్లకి గట్టిగా పట్టుకున్న నీరు. కొత్తగా పెట్టినప్పుడు తిరిగే నీరు ఎక్కువ. ఆ దశలో గాలి కొట్టి ఆరబెడితే అది ఆవిరై సిమెంట్ మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. వయసు పెరిగే కొద్దీ తిరిగే నీరు తగ్గి, పట్టుకున్న నీరు పెరుగుతుంది. బలమూ దానితో పాటే పెరుగుతుంది. కాబట్టి జీఐసీకి నీళ్ళు శత్రువని చెప్పలేం. నీళ్ళు దాని ఒంట్లో భాగం.

ఇది పుట్టింది కూడా ఓ తడి సమస్యలోంచే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ముందు పళ్ళకి సిలికేట్ సిమెంట్లు వాడేవారు. గాజు పొడి, ఫాస్ఫారిక్ ఆమ్లం. రంగు పన్నులా బాగుండేది, నోట్లో కొన్నేళ్ళకి అరిగి కరిగిపోయేది. 1968లో మాంచెస్టర్‌లో డెనిస్ స్మిత్ జింక్ ఆక్సైడ్‌కి పాలీ యాక్రిలిక్ ఆమ్లం కలిపి పాలీ కార్బాక్సిలేట్ సిమెంట్ చేశాడు. పంటికి రసాయనికంగా అతుక్కునే మొదటి సిమెంట్ అదే. లండన్ ప్రభుత్వ రసాయనశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ ఆ ఆమ్లాన్నే గాజు పొడితో కలిపి చూశారు. 1972లో ప్రచురించారు. మొదట్లో అది మరీ నెమ్మదిగా గట్టిపడేది, అంటే తడికి దొరికిపోయే సమయం ఎక్కువన్నమాట. తర్వాత టార్టారిక్ ఆమ్లం కలిపితే దారికొచ్చింది. మన చింతపండులో పులుపు ఇచ్చేది ఆ టార్టారిక్ ఆమ్లమే. అది ముందు పని చేసుకోవడానికి కాస్త టైమిచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా బిగిసేలా చేస్తుంది.

మోలార్_మాస్టారు · రాత్రి 11:05

రసాయనం గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ క్యాప్ ఊడిందంటే నేను ముందు నిందించేది నీళ్ళని కాదు.

ఫిల్లింగ్‌లో సిమెంట్ మొత్తం నోటికి తెరుచుకుని ఉంటుంది. క్యాప్ కింద అలా కాదు. ఉమ్మికి కనిపించేది చిగురు దగ్గర క్యాప్ అంచు, పన్ను కలిసే చోట ఉండే వెంట్రుక మందం గీత ఒక్కటే. అతికించే సిమెంట్ పొర 25 మైక్రాన్లకి మించకూడదని ప్రమాణం. క్యాప్ సరిగ్గా పట్టితే నీళ్ళు లోపలికి పోవడానికి దారే ఉండదు. ల్యాబ్ నుంచి వదులుగా వస్తే ఆ గీత వెడల్పవుతుంది, సిమెంట్ కొట్టుకుపోతుంది.

రెండోది పన్ను ఆకారం. చెక్కిన పన్ను కనీసం 4 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, గోడలు దాదాపు నిటారుగా ఉండాలి. పొట్టిగా, కోనులా చెక్కితే ఏ సిమెంట్ పెట్టినా జీడి లాగేస్తుంది. జింక్ ఫాస్ఫేట్ అనే పాతకాలం సిమెంట్‌కి పంటితో రసాయనిక బంధమే లేదు. అయినా దానితో పెట్టిన క్యాప్‌లు ఇరవై, ముప్పై ఏళ్ళు ఉన్నవి నేను చూశాను. ఎందుకంటే ఆ పళ్ళు బాగా చెక్కారు.

వాడుక_రసాయనం · రాత్రి 11:18

ఒప్పుకుంటా, కానీ సగమే. ఆకారం బాగుండి, సిమెంట్ మొదటి పది నిమిషాల్లో తడిస్తే? అంచు దగ్గర సుద్ద పొర కొట్టుకుపోయి, మీరన్న వెంట్రుక గీత కాస్తా కాలువ అవుతుంది. అక్కడ పాచి చేరుతుంది, ఆమ్లం పుడుతుంది, ఆ పైన సంగతి తెలిసిందే.

మోలార్_మాస్టారు · రాత్రి 11:26

అందుకే అంచు దగ్గర కాటన్ రోల్ పెట్టి, గట్టిపడేదాకా కొరికి పట్టుకోమంటాం. జీఐసీ బయటికి పొంగిన చోట వాజలైన్ రాస్తాం. పేషెంట్ "అయిపోయిందా డాక్టర్ గారూ" అంటూ నోరు తెరిచి మాట్లాడేది సరిగ్గా అప్పుడే 🙂

పీజీ_కష్టాలు · సోమవారం ఉదయం 7:40

ప్రాస్థో పీజీని, అంటే క్యాప్‌లు, కట్టుడు పళ్ళ విభాగంలో చదువుతున్నాను. థీసిస్ ఇదే గోల కాబట్టి నా వంతు కూడా రాస్తాను.

మా డిపార్ట్‌మెంట్‌లో జీఐసీ బిళ్ళలు పోసి చూపిస్తారు. ఒకటి గట్టిపడీ పడకముందే నీళ్ళలో వేస్తారు. ఇంకోదానికి పైన వాజలైన్ రాసి తర్వాత వేస్తారు. మర్నాడు తీస్తే రెండోది కాస్త నిగనిగలాడుతూ పాలరాయిలా ఉంటుంది. మొదటిదాని అంచు తెల్లబడి, ప్రోబ్ ఆనిస్తే పొలుసులుగా లేస్తుంది. నీలం రంగు ద్రవంలో ముంచితే ఆ తెల్లబడిన చోటే రంగు లోపలికి దిగుతుంది, మిగతా చోట తుడిస్తే పోతుంది.

ఇంకో సంగతి. పాతకాలంలో సిమెంట్ కరుగుతుందా లేదా అని డిస్టిల్డ్ వాటర్‌లో 24 గంటలు ఉంచి తూకం వేసేవారు. జింక్ ఫాస్ఫేట్‌కి 0.2 శాతం దాకా పోతే పాస్. దాంతో ఏం తేలిందంటే ఏమీ తేలలేదు, ఎందుకంటే నోట్లో ఉండేది డిస్టిల్డ్ వాటర్ కాదు. పాచి కింద పుట్టేది లాక్టిక్ ఆమ్లం. అందుకే ఇప్పటి ఐఎస్‌వో 9917 ప్రమాణంలో పీహెచ్ 2.74 ఉన్న లాక్టిక్ ఆమ్లంలో ముంచి ఎంత లోతు కరిగిందో కొలుస్తారు. జీఐసీకి 0.17 మిల్లీమీటర్లు, జింక్ ఫాస్ఫేట్‌కి 0.30, పాలీ కార్బాక్సిలేట్‌కి 0.40 దాటకూడదు. ఉత్త నీళ్ళ పరీక్ష నోట్లో సంగతి చెప్పదు. ఆమ్లంలో పడితే ఎవరెంతో బయటపడుతుంది.

రాజోలు77 · సోమవారం ఉదయం 8:15

అంటే గట్టిపడ్డాక మామూలు నీళ్ళకి భయం లేదు, పులుపుకి భయం. సరేనా?

పీజీ_కష్టాలు · సోమవారం ఉదయం 8:22

దాదాపు అంతే. అయితే ఉమ్మి ఉత్త నీళ్ళు కాదండి, దానిలో కాల్షియం, ఫాస్ఫేట్ ఉంటాయి. ముదిరిన జీఐసీ పైపొర వాటిని ఉమ్మిలోంచి తీసుకుని ఇంకాస్త గట్టిపడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచిన బిళ్ళకి ఆ లాభం లేదు.

పాత_స్లాబు · సోమవారం ఉదయం 10:50

విశాఖలో ప్రాక్టీసు చేసి రిటైరయ్యాను. జింక్ ఫాస్ఫేట్ పేరు కనిపించేసరికి ఆగలేకపోయాను. ఇప్పటి పిల్లలు క్యాప్సూల్ మిషన్లో పెట్టి బటన్ నొక్కుతారు. మేం గాజు స్లాబు మీద చేత్తో కలిపేవాళ్ళం.

ఆ ద్రవం ఫాస్ఫారిక్ ఆమ్లం, అందులో మూడో వంతు నీళ్ళు. కంపెనీవాళ్ళు ఆ నీళ్ళు లెక్కగా పెడతారు. సీసా మూత తీసి వదిలేస్తే, మా సముద్రపు గాలికి ఆ ఆమ్లం తేమ లాక్కుంటుంది. నీళ్ళు పెరిగితే సిమెంట్ తొందరగా బిగుస్తుంది, తగ్గితే ఆలస్యమవుతుంది. సీసా అడుగున మిగిలిన ద్రవం మబ్బుగా కనిపిస్తే పారబోసేవాణ్ణి. మా అసిస్టెంట్‌కి ప్రాణం ఉసూరుమనేది.

స్లాబు చల్లగా ఉండాలి. వేడి పుట్టే చర్య కదా, చల్లగా ఉంటే నెమ్మదిగా నడుస్తుంది, పొడి ఎక్కువ పట్టించొచ్చు. పొడి ఎంత ఎక్కువ పడితే అంత బలం, అంత తక్కువ కరుగుడు. పొడిని చిన్న చిన్న భాగాలు చేసుకుని, ఒక్కో భాగం వేస్తూ స్లాబు మీద వెడల్పుగా పరిచి, నిమిషంన్నర దాకా కలపాలి. స్పాచులా ఎత్తితే సిమెంట్ తీగలా అంగుళం దాకా సాగి తెగాలి. అప్పుడు క్యాప్‌లో పెట్టాలి.

కష్టం ఎక్కడంటే, పుస్తకం స్లాబుని 18 నుంచి 24 డిగ్రీలు ఉంచమంటుంది. విశాఖలో వానాకాలం గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలి దాదాపు 26 డిగ్రీల దగ్గరే మంచు బిందువుకి చేరుతుంది. అంటే 24 డిగ్రీల స్లాబు బయట పెట్టగానే చెమట పడుతుంది. ఆ చెమటే సిమెంట్‌లో కలుస్తుంది! చర్య నెమ్మదించాలని చల్లబరిస్తే, నీళ్ళు ఎక్కువవుతాయి. అందుకని ఏసీ వచ్చేదాకా తువ్వాలుతో స్లాబు తుడుస్తూనే గడిచింది. ఏసీ గదిలో 24 డిగ్రీలు, తేమ 55 శాతం ఉంటే మంచు బిందువు 14 దగ్గరికి పడిపోతుంది. స్లాబు 18లో ఉన్నా పొడిగానే ఉంటుంది. నేను ఏసీ పెట్టించింది పేషెంట్ల కోసమని అందరూ అనుకున్నారు.

దత్తమండలం_పళ్ళు · సోమవారం మధ్యాహ్నం 1:35

పాత_స్లాబు గారూ, నమస్కారం సార్. మాది అనంతపురం. మాకు మీ కష్టానికి తిరగేసిన కష్టం. ఏప్రిల్‌లో జీఐసీ ద్రవం చుక్క ప్యాడ్ మీద వేసి, ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి అంచు పీచు కట్టి ఉంటుంది. నీళ్ళు ఆవిరై ఆమ్లం చిక్కబడిపోతుంది. అందుకే పొడి ముందు వేయడం, చుక్క కలిపే క్షణంలో వేయడం. సీసా నిటారుగా పట్టుకుని వదలాలి, పక్కకి వంచితే చుక్కలో గాలి బుడగ వచ్చి కొలత తప్పుతుంది.

ఎండలకి తట్టుకోలేక కొత్త అసిస్టెంట్లు ద్రవం సీసాని ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. అది ఇంకా తప్పు, చల్లదనానికి ఆ ద్రవం చిక్కబడి జెల్లీలా అవుతుంది. చల్లబరచాలంటే స్లాబుని, పొడిని చల్లబరచాలి.

మరో రకం జీఐసీలో ఆమ్లాన్ని కూడా ఎండబెట్టి పొడిలోనే కలిపేస్తారు. దానికి కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్. ఓ చోట బోరు నీళ్ళు పోసి కలపడం నా కళ్ళతో చూశాను. మా బోరు నీళ్ళతో పప్పే ఉడకదు, సిమెంట్ ఏం ఉడుకుతుంది.

మేస్త్రీ_ఇంజినీర్ · సోమవారం సాయంత్రం 5:10

నేను సివిల్. పళ్ళ గురించి ఏమీ తెలియదు కానీ ఒక అనుమానం. నాకు మొన్న రూట్ కెనాల్లో రంధ్రం పూడ్చడానికి ఎంటీఏ అనే మందు పెట్టి, పైన తడి దూది పెట్టి, రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. శ్లాబ్ పోశాక మేం గోనె సంచులు తడిపి కప్పినట్టు అనిపించింది. అది సిమెంటేనా?

మోలార్_మాస్టారు · సోమవారం సాయంత్రం 6:02

అది సిమెంటే, సాక్షాత్తూ మీ పోర్ట్‌లాండ్ సిమెంట్. 1990ల్లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహ్మూద్ తొరాబినెజాద్ బృందం తెచ్చింది. మొదటి తరం ఎంటీఏలో 75 శాతం శుద్ధి చేసిన పోర్ట్‌లాండ్ సిమెంట్, 20 శాతం బిస్మత్ ఆక్సైడ్, మిగతాది జిప్సం. బిస్మత్ ఎందుకంటే ఎక్స్‌రేలో కనిపించడానికి.

ఇంతవరకూ ఈ థ్రెడ్‌లో చెప్పిన సిమెంట్లకి పెట్టేటప్పుడు బయటి తడి తగలకూడదు. దీనికి తగిలి తీరాలి. వేరు చివర, రక్తం, కణజాల ద్రవాలు ఉండే చోట అవి సరిగ్గా గట్టిపడవు, ఇది గట్టిపడుతుంది. నీళ్ళతో కలిసి కాల్షియం సిలికేట్ జెల్, కాల్షియం హైడ్రాక్సైడ్ ఏర్పడతాయి. పీహెచ్ కలిపినప్పుడు 10 పైచిలుకు ఉంటుంది, మూడు గంటలకి 12.5 దగ్గరికి పోతుంది. క్రిములు అక్కడ బతకడం కష్టం. లోపం ఒకటే, గట్టిపడటానికి రెండు మూడు గంటలు తీసుకుంటుంది. అందుకే ఆ తడి దూది, ఆ రెండో విజిట్. ఈలోపు నీళ్ళు జోరుగా కొడితే మాత్రం కొట్టుకుపోతుంది. తడి కావాలి, ప్రవాహం వద్దు.

బస్తా సిమెంట్ తెచ్చి వాడొచ్చా అని అడగకండి, ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. అందులో ఆర్సెనిక్ లాంటి మలినాలకి ఇక్కడ పెట్టినంత హద్దు ఉండదు, రేణువులూ అంత మెత్తగా ఉండవు.

నల్లగొండ_నీళ్లు · సోమవారం రాత్రి 8:44

జీఐసీ ఫ్లోరైడ్ వదులుతుందని చదివాను. మా జిల్లా సంగతి మీకు తెలుసు. ఊళ్ళో సగం మంది పళ్ళు పచ్చగా గారకట్టి ఉంటాయి, పెద్దవాళ్ళ నడుములు వంగిపోయి ఉంటాయి. మా పాపకి ఆ సిమెంట్‌తో పిప్పి పన్ను నింపారు. ఆమెకి ఆరేళ్ళు. టెన్షన్‌గా ఉంది.

వాడుక_రసాయనం · సోమవారం రాత్రి 9:15

మీ టెన్షన్ అర్థమైంది. అంకెల్లో చూద్దాం.

తాగే నీళ్ళలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా మంచిదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములు మించరాదనీ మన దేశ ప్రమాణం. 1.5 ఉన్న నీళ్ళు రోజుకి రెండు లీటర్లు తాగితే 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతుంది. జీఐసీ ఫిల్లింగ్ మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం ఎక్కువ వదులుతుంది, తర్వాత పడిపోయి మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. ఆ ఒక్క పన్ను వల్ల ఏమీ కాదు.

మీరు భయపడాల్సింది నీళ్ళ గురించే. పళ్ళ మీద గార వచ్చేది చిగురు లోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు. పాపకి ఇంకా రెండేళ్ళు ఉంది. తాగే నీళ్ళతో పాటు వంట నీళ్ళు కూడా చూసుకోండి. పేస్టు బఠాణీ గింజంత చాలు, ఉమ్మేయడం నేర్పండి.

ఫ్లోరైడ్ బయటికి రావాలన్నా సిమెంట్‌లో నీళ్ళు తిరగాలి. నీళ్ళ దారినే అది బయటికి వస్తుంది, పేస్టులోని ఫ్లోరైడ్ అదే దారిన మళ్ళీ లోపలికి పోతుంది. రెజిన్ ఫిల్లింగుల్లో అలా నీళ్ళు తిరగవు కాబట్టి అవి ఇంతగా వదలవు.

వీధరుగు · సోమవారం రాత్రి 9:40

సరే, అంత బాగుంటే అన్నీ రెజిన్‌తోనే అతికిస్తే పోలా? అది ప్లాస్టిక్ కదా, నీళ్ళు దూరవు.

పీజీ_కష్టాలు · సోమవారం రాత్రి 10:12

దూరవని ఎవరన్నారు? ఐఎస్‌వో 4049 ప్రకారమే రెజిన్ క్యూబిక్ మిల్లీమీటరుకి 40 మైక్రోగ్రాముల దాకా నీళ్ళు పీల్చొచ్చు. పీల్చిన నీళ్ళు ఏళ్ళ మీద లోపలి గాజు రేణువులకీ రెజిన్‌కీ మధ్య ఉన్న అతుకుని విడదీస్తాయి. ఉమ్మిలోని ఎంజైములు ఎస్టర్ బంధాలని కొరుకుతాయి. జీఐసీ తడికి మొదటి రోజు లొంగుతుంది, తర్వాత గట్టిపడుతుంది. రెజిన్ మొదటి రోజు బ్రహ్మాండంగా ఉండి మెల్లగా నీరసిస్తుంది.

రెండిటికీ మధ్యన ఉన్నది రెజిన్ కలిపిన జీఐసీ. మొదటి నిమిషాల తడి గండం చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే రెజిన్ భాగం వెంటనే బిగుస్తుంది. కానీ అందులో ఉండే హెమా అనే పదార్థానికి నీళ్ళంటే మహా ప్రేమ, పీల్చుకుని ఉబ్బుతుంది. లోహపు క్యాప్ కింద ఉబ్బితే ఏమీ కాదు, అంచులు ఇంకా మూసుకుంటాయి. బలం తక్కువ ఉన్న పింగాణీ క్యాప్ కింద ఉబ్బితే క్యాప్ చిట్లిన ఉదాహరణలున్నాయి.

ఇంకోటి, రెజిన్‌కి తడికన్నా ఉమ్మి ప్రమాదం. డెంటిన్, అంటే ఎనామెల్ కింద ఉండే పంటి పొర, కొంచెం చెమ్మగా ఉండాలి, మరీ ఆరబెడితే లోపలి పీచు కుప్పకూలి జిగురు దూరదు. కానీ ఆ చెమ్మ ఉమ్మిది కాకూడదు. ఉమ్మిలోని ప్రోటీన్లు కంటికి కనిపించని పొర కడతాయి, దాని మీద అంటుకున్న జిగురు దానితోనే ఊడుతుంది. 1864లో న్యూయార్క్‌లో శాన్‌ఫర్డ్ బార్నమ్ రబ్బరు డ్యామ్, అంటే పన్ను చుట్టూ ఉమ్మి రాకుండా కప్పే రబ్బరు షీటు, కనిపెట్టింది ఈ ఉమ్మి బాధ పడలేకే. మన దగ్గర ఎంతమంది వాడతారో నేను చెప్పను, మా సార్లు కూడా ఇక్కడ ఉండొచ్చు.

రాజోలు77 · మంగళవారం రాత్రి 8:30

క్యాప్ వేసిన చోటే చూపించాను. మాస్టారు గారన్నట్టు పన్ను ఒకవైపు బాగా పొట్టిగా ఉందట. లోపలి వైపు అంచు దగ్గర కొత్తగా పుచ్చు కూడా మొదలైంది. రసాయనం గారి కాలువ అదే అనుకుంటా. పుచ్చు తీసి, పన్ను కాస్త ఎత్తు కట్టి, కొలత మళ్ళీ తీసుకున్నారు. కొత్త క్యాప్ వచ్చేదాకా టెంపరరీ క్యాప్ పెట్టారు. నోరంతా లవంగాల వాసన.

మా అమ్మ "దానికి డాక్టరెందుకు, లవంగ నూనె దూదిలో పెట్టుకుంటే సరిపోయేదిగా" అంటోంది.

పాత_స్లాబు · మంగళవారం రాత్రి 9:05

అమ్మగారు సగం డాక్టరే. ఆ వాసన యూజెనాల్‌ది, లవంగ నూనెలో ముఖ్యమైన సరుకు అదే. జింక్ ఆక్సైడ్ పొడిలో కలిపితే సిమెంట్ అవుతుంది. నొప్పి తగ్గిస్తుంది. దూదిలో నూనె నేరుగా పెడితే మాత్రం చిగురు బొబ్బలెక్కుతుంది.

ఇది గట్టిపడాలంటే కొంచెం తేమ ఉండాలి. పొడిగా ఉన్న స్లాబు మీద ఎంతసేపైనా మెత్తగా ఉంటుంది, నోట్లో పెట్టగానే బిగుస్తుంది. మళ్ళీ అదే తేమ రోజులు గడిచే కొద్దీ దాన్ని విడగొట్టి యూజెనాల్‌ని కొంచెం కొంచెంగా బయటికి లాగుతుంది. అందుకే వాసన అన్ని రోజులుంటుంది, అందుకే అది టెంపరరీ. కొత్త క్యాప్ వచ్చాక ఆలస్యం చేయకండి.

ఆ క్యాప్‌ని రెజిన్‌తో అతికిస్తారా, జీఐసీతోనా అని ఇప్పుడే అడగండి. మిగిలిన యూజెనాల్ రెజిన్‌ని సరిగ్గా గట్టిపడనివ్వదు. రెజిన్ అయితే యూజెనాల్ లేని టెంపరరీ సిమెంట్ పెట్టమనాలి.

డాలస్_తెలుగమ్మాయి · బుధవారం ఉదయం 6:50

థ్రెడ్ మొత్తం చదివాను. మా అమ్మకి గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చారు, అప్పటి నుంచి నోరు ఎండిపోతుంది. ఉమ్మి లేదంటే సిమెంట్లకి మంచిదే కదా అనుకున్నాను. కానీ చిగురు దగ్గర పెట్టిన జీఐసీ ఫిల్లింగులు అరిగిపోతున్నాయి. ఇక్కడి డెంటిస్ట్ రోజూ ఫ్లోరైడ్ జెల్ పెట్టుకోమన్నారు. ఇండియా వచ్చినప్పుడు అక్కడ కొన్న జెల్ ఒకటి మిగిలి ఉంది, అది వాడొచ్చా?

మోలార్_మాస్టారు · బుధవారం ఉదయం 7:25

లేదమ్మా, ఉమ్మి లేకపోవడం సిమెంట్‌కి మంచిది కాదు. ఉమ్మి ఆమ్లాన్ని కడిగేస్తుంది, తటస్థం చేస్తుంది. అది లేకపోతే పాచి కింద ఆమ్లం అక్కడే కూర్చుంటుంది. పైగా జీఐసీ తనలోని నీళ్ళు పోగొట్టుకుని పగుళ్ళిస్తుంది. ఇలాంటివాళ్ళలో ఆ ఫిల్లింగులు అరిగినా, పక్కన కొత్త పుచ్చు తక్కువగా రావడం చాలామంది గమనించారు. కాబట్టి అరిగితే మళ్ళీ నింపించుకోవడమే, మానేయొద్దు.

జెల్ సంగతి జాగ్రత్త. మన దగ్గర కొన్న దాని మీద ఏపీఎఫ్ అనో, యాసిడ్యులేటెడ్ అనో ఉంటే వాడకండి. దానిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, జీఐసీ పైపొరని తినేస్తుంది. పింగాణీ క్యాప్‌ల మెరుపు కూడా పోతుంది. న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ ఉండాలి. పక్కన నీళ్ళ సీసా పెట్టుకుని కొంచెం కొంచెం చప్పరిస్తూ ఉండమనండి. నిమ్మరసం వద్దు, పుల్లటి బిళ్ళలు అసలే వద్దు.

డాలస్_తెలుగమ్మాయి · బుధవారం ఉదయం 7:41

థాంక్స్ అండీ. పాత ట్యూబ్ మీద యాసిడ్యులేటెడ్ అనే ఉంది, పడేశాను. ఇక్కడ రాసిచ్చినది న్యూట్రలే. అమ్మ ఉమ్మి ఊరాలని రోజంతా నిమ్మ బిళ్ళలు చప్పరిస్తోంది, ఇప్పుడు ఆ డబ్బా దాచాలి.